ఉప్పునీళ్లలో గుడ్డు

తొట్టిలో గుడ్డు తేలింది.

"చూశావా!" అంది మా అత్తగారు పొలిక్సేని, ఉప్పు చేతులు దులుపుకుంటూ. "మూడు గుప్పిళ్లకే! ఆయనకి కూడా ఇంత తొందరగా కుదిరేది కాదు."

అంత తొట్టికి మూడు గుప్పిళ్లేమిటి?

మా ఇంట్లో ఆలివ్ కాయలు ఊరబెట్టే ఉప్పునీళ్లు ఎప్పుడూ మామగారు స్టాథిస్ కలిపేవారు. నీళ్లలో గుడ్డు వేసి, ఉప్పు పోస్తూ పోయేవారు. గుడ్డు పైకి లేచి, నెత్తి నాణెమంత బయటికి కనబడగానే ఆపేసేవారు. కొలతా లేదు, తూకమూ లేదు.

అక్టోబరులో ఒక పొద్దున్న కోళ్లగూట్లోంచి ఒక గుడ్డు తెచ్చి బల్ల మీద పెట్టి, మిగతావి తేవడానికి మళ్లీ వెళ్లారు. అక్కడే పడిపోయి కన్నుమూశారు.

ఆ గుడ్డుని అత్తయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గూటివైపు మళ్లీ అడుగు పెట్టలేదు; గుడ్లు నేనో మా ఆయనో తెచ్చేవాళ్లం. నలభయ్యో రోజున చర్చిలో ఆయన పేర ఉడికించిన గోధుమలు పంచాం. అయినా గుడ్డు బల్ల మీదే ఉంది.

ఇవాళ తొట్టిలో వేసింది దాన్నే.

పాతబడిన గుడ్డులో తడి ఆరి గాలి చేరుతుంది. అది ఉత్త నీళ్లలోనూ తేలుతుంది. వేరే రోజైతే ఈ మాట అత్తయ్యే నాకు చెప్పేది.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. మా చారులో ఇంతకన్నా ఎక్కువ ఉప్పుంటుంది. ఇవి పోస్తే ఏడాది కాయలు, రెండు పీపాలూ, క్రిస్మస్‌కల్లా కుళ్లిపోతాయి.

"కాస్త చప్పగా లేదూ, అత్తయ్యా?"

"దీవి పిల్లవి! నీకు సముద్రం నీళ్లు పట్టినా చప్పగానే ఉంటాయి. పీపా మూతలు తీసుకురా."

ఆ గుడ్డు పనికిరాదని ఆవిడతో ఎలా చెప్పను?

"వెనిగర్ అయిపోయింది. పక్కింటి అర్గిరోని అడిగి తెస్తారా?" అన్నాను. పచ్చి అబద్ధం. అర్గిరో కబుర్లకి దొరికితే పావుగంట దాకా వదలదు.

అత్తయ్య వెళ్లగానే గూటికి పరిగెత్తాను. వెచ్చటి గుడ్డు తెచ్చి తొట్టిలో వేశాను. బుడుంగున మునిగింది.

ఉప్పు పోశాను. కలిపాను. మళ్లీ పోశాను. భుజాలు లాగేశాయి. చివరికి అది పైకి లేచి నాణెమంత నెత్తి చూపించింది. దాన్ని తీసి ఏప్రన్ జేబులో దాచేశాను.

అత్తయ్య సీసాతో వచ్చి తొట్టిలోకి తొంగిచూసింది. మామగారి గుడ్డు సగానికి సగం బయటికొచ్చి, పక్కకి ఒరిగి తేలుతోంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"నీ జేబు కారుతోంది," అంది.

సిగ్గుతో గుడ్డు తీసి ఇచ్చాను. అత్తయ్య దాన్ని మెల్లగా నీళ్లలో వదిలింది. నాణెమంత నెత్తి, అంతకు మించి లేదు.

"ఆయన కలిపితే ఇలాగే ఉండేది."

నేను తల దించుకున్నాను.

"మన వెనిగర్ సీసా అలమారలో నిండుగా ఉంది, మొద్దూ," అంది. "పొద్దున్నే చూశాను."

నేను పీపాల్లో నీళ్లు పోస్తుంటే, ఆవిడ పాత గుడ్డుని రెండు చేతుల్లో పట్టుకుని నిమ్మచెట్టు దగ్గరికి వెళ్లింది. చిన్న గొయ్యి తీసింది.

మర్నాడు తెల్లారగానే కోళ్లగూటి తలుపు కిర్రుమంది.

మా ఆయన నా పక్కనే నిద్రపోతున్నాడు.