కొలతలాయన

"వదినా, నా పాదాలు చల్లబడిపోతున్నాయి."

"నావీ అంతేలే. ఎవరికీ చెప్పకు."

ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం వరండాలో పదమూడేళ్ల మరిది చేయి పట్టుకుని నిలబడింది కొత్త కోడలు. పెళ్లయి మూడు నెలలు. అత్తగారింట్లో ఆమెకు అప్పగించిన మొదటి పెద్ద పని ఇదే. పిల్లవాణ్ణి ఎంపికకు తీసుకెళ్లాలి.

వీధిలో అందరూ వాణ్ణి పిప్పర్మెంటు అంటారు. అంతే ఉంటాడు మరి. బంతి మాత్రం వాడి కాలికి అతుక్కున్నట్టే తిరుగుతుంది.

చుట్టూ ఉన్నవాళ్లూ పదమూడేళ్లవాళ్లే. ఒకడికి నూనూగు మీసాలు. ఇంకొకడిది గచ్చు అదిరే గొంతు.

"వీళ్లు నీ ఈడువాళ్లా, పిల్లల్ని దింపడానికొచ్చిన తండ్రులా?"

పిప్పర్మెంటు నవ్వబోయి మానేశాడు. "వచ్చే ఏడాది వయసు దాటిపోతుంది వదినా. ఇదే ఆఖరు."

గది తలుపు తెరుచుకుంది. లోపల ఒక బల్ల, టేపు, కాగితాలు. వాటి వెనక ఎప్పుడూ చూడని పెద్దాయన ఒకాయన.

"ఎవరీయన?"

"కొలతలాయనట వదినా. పొట్టివాళ్లను ఏరి పక్కన పెట్టేస్తాడట."

ఆమె వాడి భుజాలు వెనక్కి లాగి నిటారుగా నిలబెట్టింది.

పెద్దాయన పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి కొలిచాడు.

"పోయిన ఏడాది ఈ రోజుల్లో ఎంత ఎత్తున్నాడమ్మా?"

పోయిన ఏడాది ఆమెకు ఆ ఇల్లే తెలియదు. తెలియదంటే వాణ్ణి పక్కన పెట్టేస్తాడేమో.

"చాలా తక్కువండీ. ఈ ఏడాదే జానెడు పెరిగాడు."

పిప్పర్మెంటు కళ్లు పెద్దవి చేశాడు. ఆమె వాడి కాలు తొక్కింది.

"గొంతు మారిందా?"

"ఎప్పుడో మారిందండీ. జలుబు చేసి సన్నబడింది."

పెద్దాయన కలం ఆగింది. "భయపడకుండా చెప్పమ్మా. నిజమేనా?"

"నిజమేనండీ."

ఆయన ముఖం ఎందుకో చిన్నబోయింది. "అయితే మొదటి ఆటకి వెళ్లు బాబూ."

"గట్టెక్కాం రా!" వరండాలోకి రాగానే ఆమె వాడి జుట్టు చిందరవందర చేసింది.

మొదటి ఆట మొదలైంది. మీసాలవాళ్ల మధ్య పిప్పర్మెంటు కనబడనే లేదు. బంతి అందుకున్న ప్రతిసారీ ఏదో ఒక భుజం తగిలి అవతల పడ్డాడు. పడ్డ ప్రతిసారీ ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎంపికైనవాళ్ల పేర్లు చదివారు. వాడి పేరు లేదు.

రెండో ఆట మొదలైంది. ఆడుతున్నవాళ్లంతా బక్కపిల్లలే, మీసం మొలవనివాళ్లే. బంతి కాళ్ల మధ్య చేపపిల్లలా జారుతోంది. కోచ్ ఆగకుండా పేర్లు రాసుకుంటున్నాడు.

ఆమె పరుగెత్తింది. "సార్, మావాణ్ణి ఇందులో ఆడించండి!"

"కుదరదమ్మా. ఇది ఇంకా ఒళ్లు ఎదగనివాళ్ల ఆట. మీవాడు ఎదిగాడని మీరే చెప్పారట కదా."

"అబద్ధం సార్. భయమేసి చెప్పాను. ఆ పెద్దాయనకి నిజం చెప్పేస్తాను, ఒక్కసారి పిలవండి."

"ఆయన బస్సెక్కేశారు. ఆయన సంతకం లేనిదే నేను మార్చలేను." కోచ్ గొంతు తగ్గించాడు. "ఏటా మేం కండ చూసి ఏరుకునేవాళ్లం. ఈ రెండో ఆట పెడితేనే వస్తానని పట్టుబట్టారు ఆయన. 'చిన్నగా ఉన్నవాళ్లు చేతకానివాళ్లు కారు, వాళ్ల ఒంటికింకా వేళ రాలేదంతే. ముందు వాళ్లను నాకు చూపించండి' అన్నారు."

పిప్పర్మెంటు మోకాలి మట్టి దులుపుకోవడం ఆపి తలెత్తాడు.

"అంటే వదినా, ఆయన వచ్చింది నాకోసమా?"