చప్పటి సాక్ష్యం

"అంతేనా?" అన్నాడు పాస్టరు.

"అంతేనండీ. సిగరెట్లు కాల్చేవాణ్ణి, పేకాడేవాణ్ణి. ఒకసారి షెడ్డులో పాత బండి చెయిన్ కొట్టేశాను," అన్నాడు స్పానర్. వాడు పనిచేసిన మెకానిక్ షెడ్డు మూతపడి ఏడాదైనా ఆ పేరు మాత్రం వాణ్ణి వదల్లేదు.

పాస్టరు పెదవి విరిచాడు. "రేపు మీటింగుకి బస్తీ కుర్రాళ్ళు వ్యాన్ల నిండా వస్తున్నారు. ఫైటింగు లేని సినిమాకి మనవాళ్ళు కూర్చుంటారా? ఎలా మారావో చెప్పే సాక్ష్యమైనా అంతే. చప్పగా ఉంటే ఒక్కడూ కదలడు. మన స్కూలు వ్యాను నడిపే పని, నిజంగా మారినవాడికే ఇవ్వాలంటున్నారు సంఘపెద్దలు. ఏదీ దాచకు నాయనా."

స్పానర్ చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీకాడు.

"మా నాన్న..." అన్నాడు తల వంచుకుని. "మందులు తెమ్మని పంపితే నేను తాగడానికి పోయానండీ. తెల్లారి ఇంటికెళ్ళేసరికి..."

పాస్టరు వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. "ఇంత బరువు ఒక్కడివే మోశావా! ఇదే చెప్పు. మీ అమ్మనీ తీసుకురా."

మర్నాడు హాలు కిటకిటలాడింది. తండ్రి ఆఖరి చూపైనా దక్కలేదని స్పానర్ మైకులో చెప్పాడు. వెనక బెంచీల్లో ఇకిలిస్తున్న కుర్రాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఒకడు ముందుకొచ్చి మోకరించాడు. వాడి వెనకే ఇంకొకడు. ఆపైన బిలబిలమంటూ వచ్చేశారు.

ఆడవాళ్ళు తల్లిని చుట్టుముట్టారు. "నిజమేనా అమ్మా?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నిజమేనమ్మా. ఆయన పోయారు."

"వాణ్ణి క్షమించావా తల్లీ?"

"కన్నకొడుకు కదా."

సంఘపెద్ద అక్కడికక్కడే వ్యాను తాళం వాడి చేతిలో పెట్టాడు. హాలంతా చప్పట్లు.

"ఇంటిదాకా దిగబెడతాం," అన్నాడు పాస్టరు.

"వద్దండీ. మా సందులోకి వ్యాను పట్టదు."

"అలాగా!" అన్నాడు పాస్టరు. ఆ సందు ఆయన ఎన్నడూ చూళ్ళేదు.

దారి పొడుగునా తల్లి ఏడుస్తూనే ఉంది.

"ఊరుకోవే అమ్మా. పని దొరికిందిగా."

"అంతమందిలో నా నోటితో నేనే అనేశాన్రా."

"ముందు అన్నది నేను. పాపం ఉంటే నాది."

"నీకేం తెలుసురా, ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో!"

గుమ్మం ముందు ఆగి ఆమె మొహం తుడుచుకుంది. వాడు తలుపు తట్టాడు.

తండ్రి వచ్చి గడియ తీశాడు.