తుప్పు చారల రాయి

తుప్పు చారలున్న పలుగురాయి ఒక్కటి మరలో పడినా ఇసుకంతా పాడవుతుంది, దాంతో పోసిన గాజు పచ్చబారుతుంది. అందుకే పలుగురాళ్ళను ఇసుకగా ఆడించే మా మిల్లులో అలాంటి రాళ్ళను మా పెద్దకోడలు ముందే చేత్తో ఏరేస్తుంది. ఇప్పుడు చిన్నకోడలు ఆ పనికి యంత్రం తెచ్చింది. ఈరోజు ఇసుక తెల్లగా వస్తే యంత్రం ఉంటుంది, పెద్దకోడలి పీట లేస్తుంది.

పొద్దున్నుంచీ ఆవిడ ముఖం మీద ఆవాలు వేస్తే చిటపటలాడేలా ఉంది.

“నీ యంత్రానికి కళ్ళజోడు పెట్టించావా చెల్లీ?”

“నీ అంత చూపు దానికెక్కడిదక్కా.”

చిన్నది అటు తిరగగానే పెద్దది కొంగులోంచి తుప్పు చారల రాళ్ళు తీసి యంత్రంలోకి వెళ్ళే బెల్టు మీద పడేసింది. అత్తగారికి కొన్ని కనపడకూడదు కనుక నేను ఊరుకున్నాను.

యంత్రం వాటిని ఉఫ్‌మని ఊది పక్కకు తోసింది. ఒక్కటి మాత్రం తప్పించుకుని మర వైపు సాగింది. పెద్దకోడలి కళ్ళు మెరిశాయి.

తీరా అది మరలో పడబోయేసరికి, ఆవిడ చెయ్యే చటుక్కున వెళ్ళి దాన్ని తీసేసింది.

“ఏంటక్కా అది?”

“ఏం లేదులే,” అంటూ పెద్దకోడలు తన చేతిని, శత్రువు పక్షం చేరిన చుట్టాన్ని చూసినట్టు, ఎగాదిగా చూసుకుంది.