వరదలో ఎవరూ పోలేదు

"ఏదైనా అడుగు, సర్విదీ అన్నా! ఈ కొత్త యాప్ నోట అబద్ధం రాదు," సోయా టెంపే బజ్జీ నములుతూ ఫోను ముందుకు తోశాడు తుకిరాన్, ఊరి ఆఫీసు మాజీ గుమాస్తా.

కాఫీ కొట్టంతా దాని మాయలోనే ఉంది. మసీదు పక్కనే కూర్చుని నమాజు వేళ కూడా దాన్నే అడుగుతున్నారు.

ఉపవాసాల నెల వస్తోందని, వరదలో పోయిన భార్య సమాధి మీద గడ్డి కోసి, కొడవలితోనే వచ్చాడు సర్విది.

"మన ఊరి వరదలో ఎంతమంది పోయారో చెప్పమను."

"ప్రాణనష్టం లేదు," అంది ఫోను.

"అమ్మయ్య! అయితే ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అన్నం వండమంటాను."

కొట్టు నడిపే ముసలమ్మ తల దించుకుంది. సర్విది భార్య శవానికి స్నానం చేయించింది ఆమే.

"ఎవరో తప్పు రాసుంటారు," గొణిగాడు తుకిరాన్.

"ఎవరు రాశారో కూడా అడుగు."

తుకిరాన్ వేలు కదల్లేదు. సర్విదే అడిగాడు.

"గ్రామ కార్యాలయం నివేదిక. రాసినది గుమాస్తా తుకిరాన్," అంది ఫోను.

వరద వచ్చిన ఆ ఏడే ఊరికి ఆదర్శ గ్రామం బహుమతి వచ్చింది.

తుకిరాన్ ఫోను బోర్లించాడు.

"దాన్నెందుకు బోర్లిస్తావు?" సర్విది కొడవలి తీసుకుని లేచాడు. "పాపం, అదొక్కటే నీ మాట నమ్మింది."