ఏడో దీపం

మొన్న గాలయ్య వదిలేసినప్పుడు ఆ తలుపుకు తాళం ఉంది. ఇవాళ ఫోన్‌లో ఆట తెరిచి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది.

గాలయ్య ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా బస్సు స్టీరింగ్ పట్టిన చేతులవి.

ఫోన్ కొడుకుది. విజేందర్ పోయి పది నెలలు. గోడ అల్మారాలో వాడి ఫోటో, ఫోటోకు దండ, పక్కన ఈ ఫోన్. ఫోటో ముందు దీపం కొండెక్కినా ఫోన్‌లో చార్జింగ్ మాత్రం తగ్గనివ్వదు గాలయ్య భార్య సైదమ్మ.

ఫోన్‌లో ఉన్నది పాతకాలపు ఆట. మనుషులెవరూ లేని ఒక కోట. మీటలు నొక్కాలి, చక్రాలు తిప్పాలి, గోడల మీది బొమ్మల గుట్టు విప్పాలి. చదువుకోవడానికి అక్షరం ముక్క ఉండదు. ఒక్కో చిక్కు వీడితే నడిమి గదిలో ఒక్కో దీపం వెలుగుతుంది. ఆ చిక్కును మళ్లీ మొదటికి తెస్తే ఆరిపోతుంది. ఏడూ వెలిగితే చివరి తలుపు తెరుచుకుని ఆట ముగిసిపోతుంది.

తెలంగాణ వచ్చిన ఏడు, పన్నెండేళ్ల విజేందర్ దేవరకొండ బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్లో ఈ ఆట మొదలుపెట్టాడు. ముగించకముందే సెంటర్ మూతపడింది. పదేళ్లకు అదే ఆట ఫోన్లోకి వచ్చింది. ఇంకేముంది, గ్రూప్స్ పుస్తకాలు మూలకు పడ్డాయి. బియ్యం ఏరుకునే తల్లి పక్కన చేరి, ఆమెకు కోట గోడల బొమ్మలు చూపిస్తూ, కబుర్లు చెబుతూ పొద్దంతా అదే ఆట.

ఒకనాడు గాలయ్యకు కోపం నెత్తికెక్కింది.

"నువ్వు, నీ ఆట, ఎటన్న పోండ్రి."

వాడు ఫోన్ ఇంట్లోనే పెట్టి బండేసుకుని పోయాడు. సాయంత్రానికి దవాఖాన నుంచి కబురొచ్చింది.

దినాలు కాగానే సైదమ్మ గాలయ్యతో ఒట్టు వేయించుకుంది. "వాని ఫోన్ ముట్టకు. నోటితోని అన్నదే సాలు, చెయ్యి గూడ పెట్టకు."

పెత్రమాస దాకా ఒట్టు నిలబడింది. ఆ రోజు ఊరంతా తమ పెద్దల పేరు చెప్పి బియ్యమిస్తుంటే గాలయ్య కొడుకు పేరు చెప్పి ఇచ్చాడు. ఇంటికొచ్చాడు. సైదమ్మ ఇంకా పక్కింట్లోనే ఉంది. తనకు తెలియకుండానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కోటలో రెండు దీపాలు వెలిగి ఉన్నాయి. కొడుకు వెలిగించి పోయినవి. తడుముకుంటూ ముందుకు పోయి, ఆ తాళం దగ్గర ఆగిపోయాడు.

ఇప్పుడు ఆ తాళమే తెరిచి ఉంది.

సైదమ్మకు చెప్పలేదు. ఫోన్ మోగితే ఎత్తడం కూడా సరిగా రాని మనిషికి ఏమని చెబుతాడు? ఒట్టు తప్పాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా?

"మీ అమ్మకు చెప్పలే బిడ్డా. భయపడతది," అని ఫోన్‌తో గుసగుసగా అని, ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు.

గాలయ్యది రోజు విడిచి రోజు నైట్ అవుట్ డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి హైదరాబాద్ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది మర్నాడు పొద్దెక్కాకే. అప్పటికి సైదమ్మ పిల్లలకు అన్నం వండడానికి బడికి పోయి ఉంటుంది. ఫోన్ తీస్తే కోటలో ఇంకో తలుపు తెరిచి ఉండేది. చక్రాలు, మీటల పని గాలయ్యది. గోడ బొమ్మల పని కొడుకుది. కోపం ఉన్నవాడు ఇట్లా పని పంచుకుంటాడా? ఆ మాట అనుకున్న రోజున గాలయ్య పది నెలల తర్వాత కడుపునిండా తిన్నాడు.

ఇల్లు కూడా కాస్త తేరుకుంది. సైదమ్మ తలకు నూనె పెట్టుకుంటోంది. గాలయ్య ఖాకీ చొక్కా తొడుక్కుంటే చాలు, "ఇయ్యాల రాత్రికి రావు గదా?" అని రెండుసార్లు అడుగుతోంది. ఒంటరిగా ఉండాలంటే భయం కాబోలు అని జాలిపడేవాడు.

ఆరో దీపం వెలిగిన రోజు గాలయ్యకు అసలు భయం పట్టుకుంది. ఏడోది వెలిగితే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే వాడు ఇక దేనికి వస్తాడు? చాలాసేపు ఆలోచించి, వెలుగుతున్న వాటిలో ఒకదాన్ని ఆర్పి పెట్టాడు.

రెండు రోజుల తర్వాత చూస్తే ఇంకోటి ఆరి ఉంది.

అంటే వాడికీ పోవాలని లేదు. గాలయ్య తువ్వాలలో మొహం దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఒక దీపం వెలిగించాడు. అది మొదలు అదే ఆట. ఒకరు వెలిగించడం, ఒకరు ఆర్పడం. నెల రోజులు ఏడో దీపం జోలికి ఎవరూ పోలేదు.

ఒక మధ్యాహ్నం గాలయ్య డ్యూటీకి బయల్దేరాడు. డిపోలో గురవయ్య ఎదురొచ్చాడు.

"అన్నా, జర ఇయ్యాల నేను పోత. రేపు మా బిడ్డకు సంబంధం చూడనీకి వస్తున్నరు, నా బదులు నువ్వు పో."

సరేనని గాలయ్య గంటలోపే ఇంటికి తిరిగొచ్చాడు. వాకిలి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విడిచి, నెట్టబోయి ఆగాడు. లోపల ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు.

"నేను రెండు దీపాలు ఆర్పిపోతే నువ్వు మల్ల ఒకటి ముట్టిచ్చినవా కొడుకా," అంటోంది సైదమ్మ, "మీ బాపుకు చెప్పలే, భయపడతడు."