ఆగిన మిషను

కరెంటు పోయింది. కుట్టుమిషను ఆగింది. దాని అదురు మాత్రం దర్జీ ఛాతీలో ఆగలేదు.

"ఇక ఆపవే ఆ మిషను," అంది పక్కగదిలో మంచం మీద నుంచి తల్లి.

"ఆగిపోయిందిలే అమ్మా," అంది దర్జీ విసుగ్గా.

ఇన్నాళ్ళూ ఆ అదురు మిషనుదే అనుకుంది. స్టాండు కాళ్ళ కింద గుడ్డపీలికలు మడిచి పెట్టింది. మెకానిక్‌ని పిలిచి మోటారు విప్పించింది. ఇప్పుడు సగం కుట్టిన చొక్కా పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూపించింది. గీత పొడవునా రంపపు పళ్ళు.

"జిగ్‌జాగ్ కుట్టు. ఎక్కడా తప్పలేదే," అంది దర్జీ.

"అదేనమ్మా జబ్బు. ఏట్రియల్ ఫ్లట్టర్ అంటారు. గుండె పై గదులు విపరీతంగా పరుగు పెడుతున్నాయి. కింది గదులు ఆ పరుగు అందుకోలేక రెండు దెబ్బలకు ఒకటి కొడుతున్నాయి. అదీ వేగమే, కానీ వరుస తప్పదు. అందుకే మిషను అనుకున్నారు. అశ్రద్ధ చేస్తే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండీ."

భయం కూడా వేయలేదు. ఎవరి గుండె గురించో వింటున్నట్టుంది. ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, నేను రావడం ఆలస్యమవుతుంది."

"సరే గానీ, నువ్వక్కడుంటే మరి ఇక్కడ మిషను కుడుతున్నదెవరే? నా గుండెలు అదిరిపోతున్నాయి."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఉందండీ," అంది.