కుడితి తొట్టి దగ్గర చుట్టాలు

కర్రి గేదె ముక్కులో చుక్కమ్మ అనే ముసలి సూక్ష్మక్రిమి ఏళ్ల తరబడి కాపురముంటోంది. దొరికిన తడితో సరిపెట్టుకుని, గేదెకు తుమ్మైనా రాకుండా బతికేది.

ఓ వానాకాలం మేనల్లుడు వీర్రాజు గాలికి కొట్టుకొచ్చాడు. "ఇంత పెద్ద కొంపలో ఇలా ముడుచుకుని ఉంటావేంటత్తా? రెండు రోజుల్లో మందనంతా ఏలేస్తాను చూడు" అన్నాడు.

"గేదె తిరిగితేనే మనం తిరిగేది అల్లుడూ" అంది చుక్కమ్మ. వాడు వినలేదు.

రెండు రోజుల్లో వీర్రాజుకు లక్షల సంతానం. కర్రి జ్వరంతో ఒళ్లు కాలిపోయి మేత మానేసింది. యజమాని దాన్ని మందకు దూరంగా, చేను గట్టున కట్టేశాడు. వీర్రాజు పిల్లలంతా మూటాముల్లె సర్దుకుని ముక్కు అంచున నిలబడ్డారు. ఎక్కడానికి ఇంకో ముక్కు రాలేదు. జ్వరం వేడికి అక్కడే మాడిపోయారు. చుక్కమ్మ లోపలి మూలన నక్కి, గేదె బతకాలని మొక్కుకుంది.

నాలుగో రోజు కర్రి నెమరు వేసింది. మళ్లీ మందలో కలిసి, గేదెలన్నీ తాగే కుడితి తొట్టిలో మూతి పెట్టింది. పక్క గేదెల ముక్కుల్లోంచి "బాగున్నావా అమ్మా?" అని చుక్కమ్మ పిల్లలు పలకరించారు.

ఒంటరిగా మిగిలిన వీర్రాజు తెల్లబోయాడు. "వీళ్లంతా ఎప్పుడు వెళ్లారత్తా?"

"రోజూ కుడితికి వస్తూనే ఉన్నాం కదరా" అంటూ చుక్కమ్మ కాస్త జరిగి వాడికి చోటిచ్చింది.